కాలేజ్ బాస్కెట్‌బాల్‌లో సంబరం ఎక్కడిదాకా, టెక్నికల్ ఎక్కణ్ణుంచి?

మీ ప్రశ్న ఇది: హైదరాబాద్‌లో జూనియర్ కాలేజీ దాకా ఆడిన మీ అబ్బాయి అమెరికాలో ఒక కాలేజ్ జట్టులో చేరుతున్నాడు. టీవీలో చూస్తే త్రీ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల బుట్ట) వేసి చేతులు ఊపినవాణ్ణి రిఫరీ పట్టించుకోడు, అదే పని చేసిన ఇంకొకడికి టెక్నికల్ (ఒంటి తాకిడికి కాక, ప్రవర్తనకి వేసే ఫౌల్) ఇస్తాడు. గీత ఎక్కడుంది, నోరు ఎంతవరకు పారేసుకోవచ్చు అని అడిగారు.

గీత ఉంది, నేర్చుకోదగ్గదే. రిఫరీ ముందుగా చూసేది ఎంత గట్టిగా అరిచాడని కాదు, ఎవరి వైపు తిరిగి అరిచాడని. సొంత బెంచ్ వైపు తిరిగి గుండెలు బాదుకుంటూ కేకలు పెట్టినా మామూలుగా వదిలేస్తారు. కింద పడ్డ ప్రత్యర్థి మీదికి వంగి ఒక్క చూపు చూస్తే మాత్రం విజిల్ పడుతుంది. ఆ తర్వాత చూసేది ఎంతసేపు చేశాడని. వెనక్కి పరుగెడుతూ మూడు వేళ్లు చూపించినవాడు ఆటలోనే ఉన్నాడు. అక్కడే ఆగిపోయి, తనని కాపలా కాసినవాడి ముఖం ముందు అవే మూడు వేళ్లు ఆడించినవాడు వేరే పని మొదలుపెట్టినట్టు లెక్క.

ఆటగాళ్లకి తెలియక దొరికిపోయే చోటు ఒకటుంది. కాలేజ్ ఆటకి ముగ్గురు రిఫరీలుంటారు. బుట్ట పడ్డాక ఆ బుట్ట కింద, బేస్‌లైన్ మీద నిలబడ్డ రిఫరీ ముందుకి పరుగెత్తడు. ఆట అవతలి వైపు వెళ్తుంటే అతను అందరికంటే వెనక నుంచి వస్తాడు. బాల్ ముందుకి పోయింది కదా, నన్నెవరు చూస్తారులే అనుకుని ఆటగాడు అప్పుడే తిరిగి ప్రత్యర్థిని ఓ మాట అంటాడు. ఆ వెనకాయన పని అచ్చంగా అదే, వెనకబడ్డవాళ్లని చూడటం. డంక్ (ఎగిరి బాల్‌ని చేత్తోనే రింగ్‌లోకి దించడం) చేశాక మొదటి మూడు నాలుగు అడుగులు ఆయన కళ్లెదుటే పడతాయని మీవాడికి చెప్పండి.

ఇప్పుడు ఖరీదు సంగతి. ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజ్ ఆటల్ని నడిపే సంస్థ) పురుషుల రూల్స్‌లో టెక్నికల్ ఫౌల్స్ రెండు తరగతులు. కవ్వించడం, ఎగతాళి చేయడం, బూతులు, అసభ్యమైన సైగలు, జాతినీ మతాన్నీ దేశాన్నీ పట్టుకుని అనే మాటలు, ఇవన్నీ క్లాస్ ఏ. దానికి అవతలి జట్టుకి రెండు ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డుకోకుండా వేసే, ఒక్కో పాయింటు షాట్లు). క్లాస్ బీ తేలికది, ఒక ఫ్రీ త్రో. కింద ఎవరూ లేనప్పుడు రింగ్ పట్టుకుని వేలాడటం అందులోకి వస్తుంది. కింద మనిషి ఉంటే, దెబ్బ తగలకుండా పట్టుకున్నానంటే తప్పు లేదు. కానీ పట్టుకున్నాక ఒళ్లు పైకి లాక్కున్నాడో, ఆ సాకు చెల్లదు. రెండు క్లాస్ ఏలు పడితే ఆట నుంచి బయటికే. ఒక ఏ, రెండు బీలు కలిసినా, మూడు బీలు పడినా అంతే.

రెండు ఫ్రీ త్రోలే కదా అని తీసిపారేయకండి. వాటిని అవతలి జట్టులో ఎవరైనా వేయొచ్చు, కాబట్టి వాళ్ల బెస్ట్ షూటర్ వచ్చి వేస్తాడు. అతను నూటికి ఎనభై వేసేవాడైతే రెండింటికీ సగటున 1.6 పాయింట్లు. మీవాడు డంక్‌తో తెచ్చిన రెండు పాయింట్లలో నికరంగా మిగిలేది అర పాయింటు కూడా కాదు. పైగా ఆట ఆగినచోటి నుంచే మొదలవుతుంది. బుట్ట వేశాక ఆగింది కాబట్టి బాల్ ఎటూ వాళ్లదే.

నా దృష్టిలో అసలు నష్టం ఇది కూడా కాదు. క్లాస్ ఏ ఆటగాడి ఐదు ఫౌల్స్‌లోనూ, జట్టు ఫౌల్స్‌లోనూ కలుస్తుంది. ఐదోది పడితే ఆ ఆటకి అతని పని అయిపోయినట్టే. మొదటి అర్ధభాగంలోనే రెండో ఫౌల్ టెక్నికల్ రూపంలో వస్తే, చాలామంది కోచ్‌లు బ్రేక్ దాకా ఆ కుర్రాణ్ణి బెంచ్ మీదే కూర్చోబెడతారు. ఒక్క సైగకి పది నిమిషాల ఆట పోతుంది. కొత్తగా చేరినవాడికైతే, ఆ పది నిమిషాల్లో అతని చోటు ఇంకొకడు పట్టేస్తాడు.

ఇక్కడ మన దగ్గరికీ అక్కడికీ తేడా ఉంది. మన యూనివర్సిటీ, రాష్ట్ర స్థాయి టోర్నమెంట్లు ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్‌తో నడుస్తాయి. ఫీబాలో టెక్నికల్‌కి ఒకే ఫ్రీ త్రో, రెండు టెక్నికల్స్ పడితే బయటికి. ఇక్కడ అలవాటైన లెక్కతో వెళ్తే కాలేజ్ క్లాస్ ఏ రెట్టింపు బరువుగా తగులుతుంది. అమ్మాయిల కాలేజ్ రూల్స్ కొన్నిచోట్ల అబ్బాయిలవాటికి వేరుగా ఉంటాయి. కాబట్టి యూట్యూబ్‌లో చూసిన ప్రతి క్లిప్‌నీ మీవాడికి అన్వయించకండి.

ఈ విషయంలో అందరూ ఎత్తే ఉదాహరణ 2023 ఏప్రిల్ 2న డాలస్‌లో జరిగిన ఎన్‌సీఏఏ అమ్మాయిల ఫైనల్. ఎల్‌ఎస్‌యూ (లూయిజియానా స్టేట్ యూనివర్సిటీ) 102-85తో అయోవాని ఓడించింది. ఆట చివర్లో ఎల్‌ఎస్‌యూ అమ్మాయి ఏంజెల్ రీస్, అయోవా అమ్మాయి కెయిట్లిన్ క్లార్క్ దగ్గరికి వెళ్లి ముఖం ముందు అరచెయ్యి ఊపుతూ 'నన్ను నువ్వు చూడలేవు' అనే సైగ చేసింది, విజేతల ఉంగరం మాదే అన్నట్టు ఉంగరం వేలు చూపించింది. దేశమంతా దాని మీదే కొట్టుకుంది. కానీ దానికి విజిల్ పడలేదు. ఆ రోజు మూడో క్వార్టర్‌లో టెక్నికల్ పడింది క్లార్క్‌కి. విజిల్ అయ్యాక బాల్ రిఫరీకి ఇవ్వకుండా వెనక్కి విసిరేసింది. అయోవాకి అప్పటికే ఆట ఆలస్యం చేసినందుకు హెచ్చరిక ఉంది. అది ఆమెకి నాలుగో ఫౌల్ అయింది. పెద్ద సైగకి ఏమీ లేదు, చిన్న విసురుకి శిక్ష పడింది. అందుకే మీవాడికి మొదట చెప్పాల్సింది ఇది: విజిల్ పడగానే బాల్ దగ్గర్లో ఉన్న రిఫరీ చేతికి అందించాలి, ఆయన దూరంగా ఉంటే నేల మీద పెట్టేయాలి. కోపంతో పడే టెక్నికల్స్ చాలావరకు బాల్‌ని నేలకేసి కొట్టడంతోనో, విసరడంతోనో వస్తాయి.

అదే సైగని క్లార్క్ అంతకు కొద్ది రోజుల ముందు లూయివిల్ మీద, 41 పాయింట్లు కొట్టిన ఆటలో, చేసింది. అప్పుడు మెచ్చుకున్న జనమే రీస్‌ని తిట్టారు. రీస్‌ని తప్పుపట్టాల్సిన పని లేదని క్లార్కే తర్వాత బహిరంగంగా చెప్పింది. నల్లజాతి అమ్మాయి చేస్తే తలబిరుసు, తెల్లజాతి అమ్మాయి చేస్తే పోటీతత్వం అనడం అన్యాయం. ఆ అన్యాయం ఇప్పటికీ ఉంది. గోధుమరంగు కుర్రాడు, యాసతో మాట్లాడేవాడు ఆ చూపు నుంచి తప్పించుకుంటాడని నేను మాటివ్వలేను. రిఫరీ మనిషే. సందేహానికి తావిచ్చే సైగ చేయనివాణ్ణి అతను శిక్షించే అవకాశం తక్కువ. అంతవరకే మన చేతుల్లో ఉంది.

ఏ సైగలు వద్దో కచ్చితంగా చెప్పాలంటే: గొంతు కోస్తున్నట్టు వేలు లాగడం, తుపాకీ గురి పెట్టడం, ప్రత్యర్థి వైపు వేలు చూపించడం. అరచేతిని మోకాలి ఎత్తుకి దించి 'నువ్వు మరీ పొట్టివాడివి' అనే సైగ ఉందే, అది ఈ మధ్య కుర్రాళ్లందరికీ అలవాటైంది. దాంట్లో చిక్కేమిటంటే, అది ఎదుటివాణ్ణి ఉద్దేశించి తప్ప ఇంకెలాగా చేయలేం. బెంచ్ వైపు తిరిగి చేసినా, పొట్టి అన్నది ఎవర్నో అందరికీ తెలుసు. మూడు వేళ్లు, బిగించిన పిడికిలి, పాస్ ఇచ్చినవాడి వైపు వేలు, ఇవి క్షేమం. పాస్ ఇచ్చినవాడి వైపు చూపించే అలవాటు నాకు అన్నిటికంటే నచ్చుతుంది. ఎందుకంటే దాన్ని ఏ రిఫరీ తప్పుగా చదవడు, జట్టులో కూడా మంచి పేరొస్తుంది.

ఇక నోటి సంగతి. మాట్లాడటం నేరం కాదు. 'ఎడమ చేత్తో వెళ్లలేడు, కుడి మూసేయండి' అని సొంత జట్టుకి వినపడేలా అరవొచ్చు, ఎదుటివాడికీ వినపడుతుంది. 'ఇంకోటి వస్తోంది, కాచుకో' అన్నా పరవాలేదు. ఆట గురించిన మాట, ఆట నడుస్తుండగా, ఒక్క ముక్కలో అనేసి వదిలేస్తే ఎక్కువమంది రిఫరీలు వినిపించుకోనట్టే ఉంటారు. చాలాసార్లు ముందు 'ఇక చాలు' అంటారు. ఆ మాట ఎవరితో అన్నా అది జట్టంతటికీ హెచ్చరికే. ఆ తర్వాత నోరు విప్పినవాడే బలవుతాడు. ఇద్దరూ ఒకర్నొకరు అనుకుంటే తరచుగా దొరికేది రెండోవాడు. మొదటి మాటకి రిఫరీ తల తిప్పుతాడు, రెండో మాట అతని కళ్లముందు జరుగుతుంది.

తల్లిదండ్రులకి తెలియని రూల్ ఇంకోటుంది, ఇది ముఖ్యం. మీవాడి కవ్వింపుకి ఎదుటివాడు చెయ్యి ఎత్తితే, కవ్వించినవాణ్ణి కూడా కొట్లాటలో పాల్గొన్నట్టే లెక్కేస్తారు. 'నేను చెయ్యి ఎత్తలేదు' అంటే కుదరదు. కొట్లాటకి శిక్ష ఆ ఆట నుంచి గెంటివేత, తర్వాతి ఆటకి సస్పెన్షన్. అదే సీజన్‌లో రెండోసారి అయితే మిగిలిన సీజన్ మొత్తం పోతుంది.

నోటి నుంచి చేతుల దాకా ఎలా పోతుందో చూడాలంటే 2011 డిసెంబర్ 10న సిన్సినాటిలో జరిగిన సిన్సినాటి, జేవియర్ ఆట చూడండి. ఒకే ఊరి రెండు జట్లు. ఆటకి ముందు ఒక సిన్సినాటి ఆటగాడు, జేవియర్ గార్డ్ (బాల్ నడిపించే ఆటగాడు) టూ హాలోవే మా జట్టులో మొదటి ఐదుగురిలో కూడా ఉండడు అన్నాడు. ఆట చివర్లో జేవియర్ 23 పాయింట్ల ఆధిక్యంలో ఉండగా హాలోవే సిన్సినాటి బెంచ్ వైపు మాటలు విసిరాడు. ఇంకా 9.4 సెకన్లు ఉండగానే కొట్లాట మొదలైంది, ఆటని అక్కడే ముగించారు. గుద్దులు విసిరిన యాన్సీ గేట్స్‌కి 6 ఆటల సస్పెన్షన్, హాలోవేకి 1 ఆట. గెలిచేసిన ఆటలో అన్న మాటకి ఇంత జరిగింది. పెద్ద ఆధిక్యం ఉన్నప్పుడు నోరు మూసుకోవడం మర్యాద కోసమే కాదు. ఓడిపోయేవాడికి పోగొట్టుకోవడానికి ఏమీ మిగలదు, అప్పుడే చెయ్యి లేస్తుంది.

మీవాడు మొదటి ఏడాది ఎక్కువగా బెంచ్ మీదే ఉంటాడనుకుంటాను, కాబట్టి బెంచ్ గురించి. బెంచ్ సంబరం గొప్ప విషయం. 2015-16లో మాన్మత్ జట్టు బెంచ్ కుర్రాళ్లు ప్రతి త్రీకీ ముందే అనుకున్న అభినయాలు చేసి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ఆ ఏడు ఆ చిన్న కాలేజ్ యూసీఎల్‌ఏని, జార్జ్‌టౌన్‌ని ఓడించింది. లేచి గంతులేయొచ్చు, తువ్వాళ్లు ఊపొచ్చు. కాలు మాత్రం కోర్టులో పెట్టకూడదు, ముందు నుంచి పరుగెడుతున్న ప్రత్యర్థి చెవిలో అరవకూడదు. ఆట అయిపోయిందనుకుని గడియారంలో సున్నా పడకముందే కోర్టులోకి దూకితే అది టెక్నికల్.

కోర్టులో కొట్లాట మొదలైతే బెంచ్ మీదివాళ్లు కుర్చీ వదలకూడదు, విడదీయడానికైనా సరే. 2024 మార్చిలో సౌత్ కరోలినా, ఎల్‌ఎస్‌యూ అమ్మాయిల ఎస్‌ఈసీ (దక్షిణాది కాలేజీల లీగ్) ఫైనల్‌లో ఇదే జరిగింది. సౌత్ కరోలినా అమ్మాయి కామిల్లా కార్డోసో ఎదుటి అమ్మాయిని తోసేసి గెంటివేతకి గురైంది, ఎన్‌సీఏఏ టోర్నమెంట్ మొదటి ఆట కూడా పోగొట్టుకుంది. ఆమెతో పాటు, ఎవర్నీ తాకకపోయినా, బెంచ్ వదిలి వచ్చిన అమ్మాయిలనీ రిఫరీలు బయటికి పంపారు. మీవాడికి చెప్పండి: గొడవ మొదలవగానే పక్కవాడి జెర్సీ పట్టుకుని కూర్చోబెట్టాలి.

ప్రేక్షకుల నోరు ఆటగాళ్ల నోటికంటే ఘోరం. స్టూడెంట్స్ కూర్చునే స్టాండ్ చాలా కాలేజీల్లో కోర్టుకి ఆనుకునే ఉంటుంది. వాళ్లు మీవాడి ఇన్‌స్టాగ్రామ్ ముందు రోజే వెతికి, ఫొటోల్లో ఉన్నవాళ్ల పేర్లు పట్టుకుని పిలుస్తారు. సీజన్‌కి ముందే ఖాతా ప్రైవేట్ చేయమనండి, పాత ఫొటోలు తీసేయమనండి. 2014 ఫిబ్రవరిలో ఓక్లహోమా స్టేట్ ఆటగాడు మార్కస్ స్మార్ట్ టెక్సస్ టెక్ కోర్టులో ఒక ప్రేక్షకుణ్ణి తోసి 3 ఆటల సస్పెన్షన్ తెచ్చుకున్నాడు. రంగు మీదో, దేశం మీదో మాట వినపడితే తిరిగి అనకుండా, ఆ వరస, ఆ సీటు గుర్తుపెట్టుకుని ఆట ఆగగానే కోచ్‌కి చెప్పాలి. కోచ్ రిఫరీకీ, ఆట నిర్వాహకులకీ చెప్తాడు, సెక్యూరిటీ వచ్చి ఆ మనిషిని బయటికి పంపొచ్చు. దీన్ని భరించి ఊరుకోవాల్సిన అవసరం లేదు.

అలవాటు ప్రాక్టీస్‌లోనే పడాలి. ఐదుగురు ఐదుగురు ఆడేటప్పుడు, బుట్ట వేశాక సంబరం సెంటర్ లైన్ దాటే లోపు అయిపోవాలని, అదీ పరుగెడుతూనే అని పెట్టుకోమనండి. ఆగితే అవతలి జట్టుకి రెండు పాయింట్లు. దీని లాభం టెక్నికల్ తప్పించుకోవడం ఒక్కటే కాదు. సంబరపడేవాణ్ణి చూసి తెలివైన గార్డ్ బాల్‌ని వెంటనే లోపలికి వేయిస్తాడు, అటు పక్క నలుగురే కాపలా ఉంటారు. వీడు చేతులు దించేలోపు అవతల లేఅప్ (బుట్ట పక్కనుంచి తేలిగ్గా వేసే షాట్) పడిపోతుంది. కోచ్‌లకి టెక్నికల్ కంటే ఎక్కువ మంట పుట్టించేది అదే.

చివరి విజిల్ తర్వాత చేతులు కలిపే వరసలో కూడా జాగ్రత్త కావాలి. 2022 ఫిబ్రవరిలో మిషిగన్ కోచ్ జువాన్ హావర్డ్ ఆ వరసలోనే విస్కాన్సిన్ అసిస్టెంట్ కోచ్ తల మీద కొట్టి 5 ఆటల సస్పెన్షన్, 40,000 డాలర్ల జరిమానా తెచ్చుకున్నాడు. ముగ్గురు ఆటగాళ్లకి తలో ఆట పోయింది. 2024 జనవరిలో టెక్సస్ కోర్టులో గెలిచిన యూసీఎఫ్ (సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీ) కుర్రాళ్లు, టెక్సస్ వాళ్లు చేత్తో చూపే ఎద్దు కొమ్ముల గుర్తుని తలకిందులుగా చూపిస్తే, టెక్సస్ కోచ్ రాడ్నీ టెర్రీ ఆ వరసలోనే వాళ్లని నిలదీశాడు. అవతలి కాలేజ్ గుర్తు జోలికి వాళ్ల ఇంట్లో పోకూడదు. వరసలో నడుస్తూనే ఉండాలి. చెయ్యి అందించి 'గుడ్ గేమ్' అని తర్వాతి మనిషి దగ్గరికి వెళ్లాలి. ఎవరైనా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపితే తిరిగి గుంజకుండా, పక్కనున్న సొంత కోచ్‌ని పేరు పెట్టి గట్టిగా పిలవాలి.