పెన్‌డ్రైవ్‌లోని సాఫ్ట్‌వేర్ తెరుచుకోకపోతే

ప్రశ్న: మా కొబ్బరి కొట్టు లెక్కల కోసం ఒక యాప్‌ఇమేజ్ ఫైలును (ఇన్‌స్టాల్ చేయకుండానే నేరుగా నడిచే సాఫ్ట్‌వేర్ ఫైలు) పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను. ఉబుంటు లినక్స్‌లో ఎన్నిసార్లు నొక్కినా తెరుచుకోవడం లేదు. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో ‘పర్మిషన్ డినైడ్’ అని వస్తోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: ఆ ఫైలును ప్రోగ్రాముగా నడిపే అనుమతి లేదని దాని అర్థమండీ. పెన్‌డ్రైవ్‌లు సాధారణంగా ఫైళ్లను భద్రపరిచే ‘ఫ్యాట్’ (FAT) పద్ధతిలో ఉంటాయి కాబట్టి లినక్స్ అనుమతులు వాటిలో నిలవవు. అందుచేత ముందుగా ఫైలును మీ హోమ్ ఫోల్డరులోకి కాపీ చేసి, ఆ తరువాత టెర్మినల్‌లో అనుమతులు మార్చే ‘సీహెచ్‌మోడ్ యు ప్లస్ ఎక్స్’ (chmod u+x) ఆదేశానికి ఫైలు పేరు జోడించి ఇవ్వండి. ‘ఎల్‌ఎస్ హైఫన్ ఎల్’ (ls -l) కొట్టి చూస్తే, వరుస మొదట్లో ‘ఆర్‌డబ్ల్యూ’ పక్కన నడిపే అనుమతికి గుర్తుగా ‘ఎక్స్’ కనిపించాలి. తొందరపడి, అడ్మిన్ అధికారంతో నడిపే ‘సుడో’ (sudo)తో మాత్రం తెరవవద్దు (ఒకప్పుడు నేనూ చేసిన పొరపాటే): సెట్టింగుల ఫైళ్లు రూట్ (అడ్మిన్ ఖాతా) పేరిట ఏర్పడితే, మర్నాడు మీ పేరుతో తెరిచినప్పుడు సాఫ్ట్‌వేర్ మొరాయించవచ్చు. ఇప్పటికే అలా చేసి ఉంటే, ఫైలు యజమానిని మార్చే ‘సీహెచ్‌ఓన్’ (chown) ఆదేశంతో ఆ ఫైళ్లను తిరిగి మీ పేరిటికి మార్చుకోవాలి.