కెనడా కార్చిచ్చు, ఎడిసన్‌లో ఇల్లు, ఆసుపత్రి బిల్లు

కెనడాలో అడవులు తగలబడితే న్యూజెర్సీ ఎడిసన్‌లో మేమెందుకు కిటికీలు మూసుకోవాలి, ఎయిర్ ప్యూరిఫయర్ కొనడం దండగ కాదా అని అడిగారు. జూన్‌లో మీ అత్తమామలు వస్తున్నారనీ, మామగారికి ఉబ్బసం ఉందనీ చివర్లో ఒక ముక్క రాశారు. అమ్మా, నా దృష్టిలో మీ ఉత్తరం మొత్తంలో అసలు సంగతి ఆ చివరి ముక్కే.

ముందు పొగ గురించి. పెద్ద కార్చిచ్చు వేడికి పొగ కొన్ని కిలోమీటర్ల ఎత్తుకు లేస్తుంది. అక్కడ గాలులు బలంగా ఉంటాయి. బరువైన బూడిద మంట దగ్గరే రాలిపోతుంది. పీఎం 2.5 అని పిలిచే సన్నటి నుసి మాత్రం తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతే ఉంటుంది. వాన కడిగేదాకా అది రోజుల తరబడి గాలిలో తేలుతూ వేల కిలోమీటర్లు పోతుంది. 2023 జూన్‌లో క్యూబెక్ అడవులు అంటుకున్నప్పుడు కెనడా తూర్పు తీరం మీద ఒక అల్పపీడనం నిలిచింది. బంగాళాఖాతం వాయుగుండాలు చూసి పెరిగినవాళ్లం, అది గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుందని మనకు తెలుసు. ఆ సుడి పడమటి అంచున వీచిన ఉత్తర గాలి పొగనంతా తిన్నగా మీ వైపు దింపింది. జూన్ 7న న్యూయార్క్‌లో ఏక్యూఐ, అంటే గాలి ఎంత పాడైందో చెప్పే అంకె, 400 దాటింది. 300 దాటితేనే ప్రమాదకరం అంటారు. అదే నెలలో ఆ పొగ అట్లాంటిక్ దాటి నార్వేదాకా వెళ్లింది.

ఆకాశం తెల్లబారి, సూర్యుడు ఎర్రగా కనిపించినంత మాత్రాన కంగారుపడకండి. పొగ ఎత్తులోనే సాగిపోతే నేల దగ్గర గాలి బాగానే ఉంటుంది. గాలి కిందికి దిగినప్పుడు, పగటి ఎండకు పై పొరలూ కింది పొరలూ కలిసిపోయినప్పుడు మనకు చిక్కు. వాసన లేదని ధీమాగా ఉండటమూ తప్పే. దూరం నుంచి వచ్చిన పొగలో వాసన తగ్గుతుంది, నుసి మిగులుతుంది. అందుకే కళ్లనూ ముక్కునూ నమ్మకుండా ఎయిర్‌నౌ అనే అమెరికా ప్రభుత్వ వెబ్‌సైటులో ఆ అంకె చూడండి. ఏ అంకెకు ఏం చేయాలో అక్కడే ఉంటుంది, నేను మళ్లీ రాయను.

ఇక మా అనుభవం. 2018 నవంబరు 8న ఉత్తర కాలిఫోర్నియాలో పారడైజ్ అనే ఊరు కాలిపోయింది. 85 మంది చనిపోయారు. మేము శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఫ్రీమాంట్‌లో ఉండేవాళ్లం, దేశానికి కొత్త. మంటకూ మాకూ మధ్య దాదాపు హైదరాబాదుకూ విజయవాడకూ ఉన్నంత దూరం. ఇంత దూరానికి ఏమొస్తుందిలే అనుకున్నాం. ఈశాన్య గాలి మొదట పొగను మా మీదికి తోసింది, తర్వాత గాలే ఆగిపోయింది. కదిలించే గాలి లేక పొగ రెండు వారాల పాటు తిష్ఠ వేసింది. అది కార్తీక మాసం. రోజూ దీపాలు, అగరుబత్తులు, వంటింట్లో వేపుళ్లు. మా అపార్ట్‌మెంటు పొయ్యి మీది ఫ్యాను పొగను బయటికి పంపదు, వడగట్టి మళ్లీ ఇంట్లోకే వదులుతుంది. ఆ పొగ పోవాలని కిటికీలు తెరిచాం, బయటి పొగ లోపలికి వచ్చింది. తడి చేతిరుమాలు కట్టుకుంటే చాలనుకున్నాం, సన్నటి నుసిని అది ఆపదు.

ఒక రాత్రి మా బాబుకు పిల్లికూతలు మొదలయ్యాయి. భయపడి ఎమర్జెన్సీకి పరుగెత్తాం. మందు ఆవిరి పట్టి, కాసేపు చూసి పంపేశారు. వాడు తేరుకున్నాడు, అంతకంటే ఏం కావాలి? కానీ తర్వాత బిల్లు వచ్చింది. నెలవారీ ప్రీమియం తక్కువని మేము ఎంచుకున్న బీమాలో డిడక్టబుల్, అంటే బీమా వాళ్లు ఇవ్వడం మొదలుపెట్టే ముందు మనం కట్టాల్సిన సొమ్ము, చాలా ఎక్కువ. ఆ బిల్లు దాదాపు మొత్తం మా నెత్తినే పడింది. వాయిదాలు అడిగి, ఆ ఏడు ఇండియా ప్రయాణం మానుకుని కట్టాం. ఎవరి దగ్గరా చేయి చాచలేదు. ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకోవడం నాకు గర్వమే. ఇప్పుడు వచ్చేవాళ్లకు మొదటి నెలలోనే పెద్ద టీవీ కొనడానికి చేతులొస్తాయి గానీ బీమా కాగితం చదివే ఓపిక ఉండదు. మీరు చదవండి.

ప్యూరిఫయర్ దండగ కాదు. పొగ వచ్చిన రోజున కొనాలనుకోవడమే దండగ, ఆ రోజు దుకాణాల్లో సరుకు దొరకదు. చలికాలంలోనే కొని పెట్టుకోండి. కొనే ముందు మార్చుకోవలసిన ఫిల్టరు ధర కూడా చూడండి, ఏటేటా తగిలే ఖర్చు అదే. అంత పెట్టలేకపోతే సన్నటి నుసిని పట్టే మెర్వ్ 13 రకం ఫిల్టర్లు నాలుగింటిని పెట్టెలా నిలబెట్టి, అడుగున అట్ట, పైన చదరపు ఫ్యాను బిగించి టేపు వేయండి. మేమిప్పటికీ పడకగదిలో అదే వాడుతున్నాం, బాగా పనిచేస్తుంది. ఎన్95 మాస్కులు ఒక డబ్బా ఇంట్లో ఉంచండి. పొగ ఉన్న రోజుల్లో పప్పు, చారు, కుక్కర్‌లో అన్నం చాలు. వేపుళ్లూ ధూపమూ వద్దు.

మామగారి విషయంలో మాత్రం రూపాయి దగ్గర వెనకాడకండి. సందర్శకుల బీమా చాలా వాటిలో పాత జబ్బులకు డబ్బు రాదు, కొన్నిటిలో హఠాత్తుగా ముదిరితే పరిమితంగా ఇస్తారు. ఆ షరతు ఎంతవరకో కొనే ముందే అడిగి, జవాబు రాతలో తీసుకోండి. ఉన్నన్నాళ్లకూ సరిపడా ఇన్హేలర్లు, డాక్టరు చీటీతో సహా, చేతిసంచిలోనే తెచ్చుకోమనండి. ఇక్కడ అదే మందు ధర చూస్తే గుండె ఆగుతుంది. ఇంటి దగ్గర అర్జెంట్ కేర్, అంటే అపాయింట్‌మెంటు లేకుండా చిన్న జబ్బులు చూసే క్లినిక్, ఎక్కడుందో, ఎంత తీసుకుంటారో ఇప్పుడే ఫోను చేసి కనుక్కోండి, చిన్న ఆయాసానికి ఎమర్జెన్సీకి వెళ్లనక్కర్లేదు. పెదాలు నీలంగా మారినా, మాట పూర్తి చేయలేకపోయినా మాత్రం బిల్లు లెక్క పక్కన పెట్టి 911కు ఫోను చేయండి. టికెట్లు రద్దు చేయకండి, రానివ్వండి.