అంబులెన్స్ సిబ్బందిపై చెయ్యి చేసుకున్న కేసు రాజీతో పోతుందా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర ఊరు. మా బాబాయి బైక్ మీద నుంచి పడితే తలకు దెబ్బ తగిలింది. 108 వచ్చేసరికి ఆలస్యమైందని మా తమ్ముడు కోపంలో టెక్నీషియన్‌ను చెంప మీద కొట్టాడు, పైలట్‌ను (బండి డ్రైవర్‌ను) నెట్టేశాడు. బండి అద్దం కూడా పగిలింది. పోలీసులు కేసు పెట్టారు. వాళ్లు గవర్నమెంటు ఉద్యోగులు కారనీ, పెద్దమనుషుల్లో కూర్చుని ఖర్చులు ఇచ్చుకుంటే కేసు పోతుందనీ ఊళ్లో అంటున్నారు. తమ్ముడు కానిస్టేబుల్ పరీక్షకు ప్రిపేర్ అవుతున్నాడు. మేమేం చేయాలి?

జవాబు: మీ బాబాయి త్వరగా కోలుకోవాలి. ఊళ్లో వాళ్ల మాట మాత్రం నమ్మకండి. ఈ కేసు పంచాయితీలో తెగేది కాదు.

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. విధుల్లో ఉన్న పబ్లిక్ సర్వెంట్‌ను అడ్డుకోవాలని దౌర్జన్యం చేస్తే 132వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. దెబ్బ తగిలితే 121వ సెక్షన్, ఐదేళ్ల దాకా. ఎముక విరగడం లాంటి తీవ్ర గాయమైతే ఏడాదికి తగ్గకుండా పదేళ్ల దాకా జైలు, జరిమానా. ఇవన్నీ నాన్ బెయిలబుల్, రాజీకి వీల్లేనివి. టెక్నీషియన్ మనసు మార్చుకుని సంతకం పెట్టినా మేజిస్ట్రేటు కేసు మూసేయలేరు. రాజీ కాగితంతో హైకోర్టుకు వెళ్లి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్, సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 528వ సెక్షన్ కింద కేసు కొట్టేయమని అడగొచ్చు గానీ, విధుల్లో ఉన్నవాళ్లను కొట్టిన కేసులో అది అంత తేలిగ్గా దొరకదు.

జీతం ఏజెన్సీ ఇస్తుంది కాబట్టి 108 సిబ్బంది పబ్లిక్ సర్వెంట్లు కారని మీ వకీలు వాదించొచ్చు. ఆ వాదన నెగ్గినా మీ తమ్ముడు బయటపడ్డట్టు కాదు. మామూలుగా గాయపరచినందుకు 115(2) ఉంటుంది, ఏడాది దాకా శిక్ష. దానికి తోడు వైద్య సిబ్బందిపై దాడుల నివారణకు 2008లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన చట్టం తెలంగాణలోనూ ఉంది. పారామెడికల్ సిబ్బందీ దాని కిందికి వస్తారు. మూడేళ్ల దాకా జైలు, 50,000 రూపాయల దాకా జరిమానా, పాడుచేసిన ఆస్తికి రెట్టింపు పరిహారం. ఘటన ఆస్పత్రి ఆవరణలో కాక రోడ్డు మీద జరిగిందన్న పాయింటు వకీలుకు పనికి రావొచ్చు. అద్దం పగిలినందుకు ప్రభుత్వ ఆస్తి నష్టం చట్టం పెట్టారేమో కూడా చూసుకోవాలి.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. నర్సంపేట నుంచి వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి దాదాపు 40 కిలోమీటర్లు. తలకు దెబ్బ తగిలిన మనిషిని అంతదూరం చూసుకోవాల్సిన చేతులనే మీ తమ్ముడు కొట్టాడు. ఆ గొడవలో పోయిన ప్రతి నిమిషం మీ బాబాయిదే. ఆలస్యం నిజమైతే కాల్ చేసిన టైము రాసి కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో ఫిర్యాదు ఇవ్వండి, బండి ఎప్పుడు బయల్దేరిందో సమాచార హక్కు కింద అడగండి. అది మీ హక్కు. కానీ కొట్టినందుకు ఆలస్యం సాకు కాదు. శిక్ష తగ్గించమని అడిగేటప్పుడు మాత్రం పనికొస్తుంది.

అరెస్టు గురించి మరీ టెన్షన్ పడకండి. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో పోలీసులు చాలావరకు బీఎన్ఎస్ఎస్ 35(3) కింద నోటీసు ఇస్తారు. పిలిచినప్పుడల్లా వెళ్లి, వెళ్లినట్టు రాయించుకోవాలి. ఎగ్గొడితే అరెస్టుకు దారి ఇచ్చినట్టే. భయముంటే సెషన్స్ కోర్టులో ముందస్తు బెయిల్ అడగండి. టెక్నీషియన్ ఇంటికి మనుషులను పంపొద్దు, సాక్షిని బెదిరించారంటే బెయిలే పోతుంది. క్షమాపణ చెప్పాలనుకుంటే వకీలు ద్వారా చెప్పండి. మొదటి తప్పు కాబట్టి, నేరం రుజువైనా ప్రొబేషన్ చట్టం కింద మంచి నడవడిక బాండుపై వదిలేయమని కోర్టును కోరే వీలుంది.

ఉద్యోగం సంగతి: అటెస్టేషన్ ఫారంలో ఈ కేసు తప్పకుండా రాయమనండి. దాచిపెడితే, తర్వాత కేసు కొట్టేసినా ఆ దాచడమే ఉద్యోగానికి అడ్డమవుతుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం వివరంగా చెప్పింది. నిజం చెప్పినవాళ్ల విషయంలో కేసు తీవ్రతను బట్టి అధికారులు నిర్ణయిస్తారు.

ముందు ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోండి. అందులో 132 ఒక్కటే ఉందా, 121 కూడా ఉందా అన్నదాన్ని బట్టే మీ వకీలు తర్వాతి అడుగు చెప్పగలరు.