పొయ్యికి లొంగనివి

చి.ల.సౌ. పాపకు, పెద్దమ్మ ఆశీస్సులు.

కొత్తింట్లో బోరు నీళ్లే తాగుతున్నామనీ, కాచి తాగుతున్నాం కాబట్టి దిగుల్లేదనీ రాశావు. ఆ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం. కాస్తే క్రిములు చస్తాయి, నిజమే. నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక్క నిమిషం చాలు. కానీ మన అనంతపురం జిల్లాలో బోర్లకు పట్టిన పీడ ఫ్లోరైడ్. అది భూమి లోపలి రాళ్ల నుంచి నీళ్లలో కరిగి వస్తుంది, మంటకు లొంగదు. పైగా పది లీటర్లు కాచి తొమ్మిది చేశావంటే, పదింటిలో ఉన్నదంతా ఆ తొమ్మిదిలోనే మిగులుతుంది.

రంగు, వాసన, రుచి చూసి పోల్చుకోలేం. పరీక్ష చేయించాల్సిందే. మోటారు వేసి ఐదు నిమిషాలు నీళ్లు వదిలెయ్. ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి, లీటరు పట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో ఇవ్వండి. క్రిముల పరీక్ష కూడా కావాలంటే మన సీసా పనికిరాదు, శుద్ధి చేసింది వాళ్లనే అడగాలి. మన దేశంలో పెట్టుకున్న హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. అది దాటితే స్నానానికి, బట్టలకు, గిన్నెలకు వాడుకోండి. తాగడానికీ వంటకీ వద్దు.

వంటకీ వద్దన్నది మళ్లీ చెబుతున్నా, ఎందుకంటే చాలా ఇళ్లలో తాగడానికి క్యాన్ తెప్పిస్తారు, సంగటికి మాత్రం బోరు నీళ్లే పోస్తారు. సంగటి సంగతి చూడు. గ్లాసు రాగిపిండి, గుప్పెడు బియ్యం, మూడు గ్లాసుల ఎసరు. అన్నమైతే గంజి వంచుతామేమో గానీ సంగటికి వంచేదేముంది? ఎసరంతా ముద్దలోకే పోతుంది, దానిలోని ఫ్లోరైడ్ కూడా. పప్పుకూ అంతే. టీ మరీ చెడ్డది, ఆకులోనే ఫ్లోరైడ్ ఉంటుంది, దానికి బోరు నీళ్లు తోడైతే ఇంక చెప్పేదేముంది. అలాగని సంగటి మానేయొద్దు. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది, అది ఫ్లోరైడ్‌ను కొంత ఒంటికి పట్టనివ్వదు. మార్చాల్సింది పిండిని కాదు, ఎసరును. పెరుగు, మునగాకు కూడా ఎక్కువగానే పెట్టు.

చిన్నది ఉంది కాబట్టి ఇంకా జాగ్రత్త. ఎనిమిదేళ్ల దాకా శాశ్వత దంతాలు చిగుళ్ల లోపల తయారవుతూ ఉంటాయి. మచ్చ పడేది అప్పుడే. పళ్లు బయటికొచ్చాక ఎంత తోమినా ఆ మచ్చ పోదు.

ఫిల్టర్ల దుకాణంలో మోసపోవద్దు. క్యాండిల్ ఫిల్టర్, యూవీ ఫిల్టర్ ఫ్లోరైడ్‌ను ఏమీ చేయవు, ఆర్‌ఓ తీస్తుంది. అందులోనూ లోపలుండే వడపోత పొర, అదే మెంబ్రేన్, అరిగిపోతే నీళ్లు తేటగానే వస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం దాటుకొచ్చేస్తుంది. ఏడాదికోసారి ఆ కుళాయి నీళ్లను కూడా పరీక్షకివ్వండి. ఆర్‌ఓ బయటికి వదిలేసే నీళ్లలో ఫ్లోరైడ్ మరీ చిక్కగా ఉంటుంది, పశువులకు పొయ్యొద్దు. మీ వీధికి సత్యసాయి తాగునీటి పథకం కుళాయి ఉంటే ఇవేవీ అక్కర్లేదు, వంటకూ తాగడానికీ అవే పట్టుకోండి. అప్పుడు చూసుకోవాల్సింది క్రిములు. సంప్‌లో వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడర్ చాలు. బకెట్‌లో కలిపి, సున్నం అడుక్కు దిగాక పైతేట పోసి, గంటాగి వాడుకో. మూత తీసి ఉంచిన పౌడర్‌కు బలం ఉండదు. డ్రమ్ములో చెయ్యి ముంచకుండా పొడుగు కాడ గరిటె పెట్టుకో.

పొయ్యికి లొంగనిది ఇంకోటుంది, చెనక్కాయల్లో. కాయ పీకాక వానలో తడిస్తే, సరిగా ఎండక మూటకడితే, పసుపు కలిసిన ఆకుపచ్చ బూజు పడుతుంది. ఆ బూజు వదిలే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వేయించినంత మాత్రాన అది పోదు. ఊరిబిండి పచ్చడికి విత్తనాలు వేయించే ముందే చేటలో పోసి ఏరు. ముడుచుకున్నవి, నల్లబడినవి, బూజు వాసన కొట్టేవి తీసెయ్. కొరికితే చేదుగా ఉన్నది మింగొద్దు, ఉమ్మెయ్. ఏరినవి గేదెకు వేయకు, విషం పాలలోకి వస్తుంది. పూడ్చెయ్. పెసలు, కందులు ఏరినంత ఓపిగ్గా చెనక్కాయలు ఏరేవాళ్లు తక్కువ, ఏరాల్సింది వీటినే. గానుగ నూనె పట్టించేటప్పుడూ ఇదే పని, ముక్కిన విత్తనం వేస్తే ఆ విషం నూనెలోకి కూడా దిగుతుంది.

అన్నం మాట క్లుప్తంగా చెబుతా. ఉడికినా చావని క్రిమి విత్తులు అన్నంలో మిగులుతాయి. వేసవిలో బయట పెడితే అవి పెరిగి విషం కక్కుతాయి. ఆ అన్నం మళ్లీ వేడి చేసినా లాభం లేదు. మిగిలిందాన్ని వెడల్పు పళ్లెంలో ఆరబోసి, గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టు. కరెంటు పోయే రోజుల్లో కొలత తగ్గించి వండు, అంతే.

ల్యాబ్ కాగితం వచ్చాక ఫ్లోరైడ్ ఎదురుగా ఉన్న అంకె ఫోన్లో చదివి చెప్పు. అప్పటిదాకా సంగటి ఎసరుకు క్యాన్ నీళ్లే వాడు. అల్లుడికీ, చిన్నదానికీ నా దీవెనలు.

మీ పెద్దమ్మ