బీరువా వెనక సాలీడు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: బీరువా జరిపినప్పుడు దాని వెనక గోడకు అతుక్కుని ఒక పెద్ద సాలీడు కనిపించింది. కాళ్ళతో కలిపి అరచేయంత ఉంది. గోధుమ రంగు, పలచటి ఒళ్ళు. చుట్టుపక్కల ఎక్కడా గూడు లేదు. లెక్కపెడితే ఏడు కాళ్ళే ఉన్నాయి. ఒంటి కింద తెల్లటి నాణెం లాంటిదేదో పట్టుకుని కదలకుండా కూర్చుంది. ఫొటో తీసి ఫోన్‌లోని యాప్‌కు చూపిస్తే మొదట టరాంటులా అని, మళ్ళీ చూపిస్తే బ్లాక్ విడో అని చెప్పింది. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఇది ఏ సాలీడు? దీనివల్ల ప్రమాదముందా?

జవాబు: మీరు పంపిన ఫొటోలో సాలీడు కన్నా బీరువా నీడే ఎక్కువగా పడింది. అయినా నష్టమేమీ లేదు, ఎందుకంటే ఉత్తరంలో మీరు రాసిన వివరాలు ఫొటో కన్నా ఎంతో స్పష్టంగా ఉన్నాయి. అవన్నీ కలిసి వచ్చేది హంట్స్‌మన్, అంటే వేటగాడు అని పిలిచే సాలీళ్ళ కుటుంబంలో. అందులోనూ ఉష్ణమండల దేశాలన్నిటా ఇళ్ళలో కనిపించే హెటెరోపోడా వెనటోరియా అనే జాతికి చెందిన ఆడ సాలీడు అయి ఉంటుందని నా అంచనా. 1767లో లిన్నేయస్ పెట్టిన ఈ పేరులోని రెండో మాటకు అర్థం కూడా వేటకు సంబంధించినదే. అంచనా అని ఎందుకు అంటున్నానంటే, ప్రపంచంలో పేరు పెట్టి నమోదు చేసిన సాలీళ్ళ జాతులు 2022 నాటికే 50,000 దాటాయి, వాటిలో చాలావాటిని దగ్గరి చుట్టాల నుంచి వేరుచేయాలంటే జననాంగాలను సూక్ష్మదర్శినిలో పరీక్షించక తప్పదు. ఉత్తరాన్నో ఫొటోనో చూసి కుటుంబం పేరు ధైర్యంగా చెప్పవచ్చు గాని, జాతి పేరు దగ్గరకు వచ్చేసరికి కొంత వెనుకాడడమే మర్యాద.

మీరు చూసినవాటిలో అన్నిటికన్నా విలువైన గుర్తు ఆ తెల్లటి నాణెం. అది గుడ్ల సంచి. తల్లి సాలీడు గుడ్లను ఎక్కడ, ఎలా మోస్తుందో చూస్తే చాలాసార్లు దాని కుటుంబం తెలిసిపోతుంది. నేల మీద పరుగెత్తే తోడేలు సాలీడు గుండ్రటి ఉండలాంటి సంచిని ఒంటి చివర, దారం వచ్చే చోట తగిలించుకుని ఈడ్చుకుపోతుంది. పైకప్పు మూలల్లో వెంట్రుకల్లాంటి కాళ్ళతో వేలాడుతూ, ముట్టుకుంటే ఒళ్ళంతా ఊపే సన్నటి సాలీడు నాలుగు దారపు పోగులతో కట్టిన గుడ్ల గుత్తిని నోటితో కరిచి పట్టుకుంటుంది. గుడ్లు ఒక్కొక్కటీ బయటికే కనిపిస్తాయి. చదునుగా, బిళ్ళలాగా ఉన్న సంచిని ఒంటి కింద అదిమి పట్టుకునేది మాత్రం మీ బీరువా వెనకదే. అంత బరువు మోస్తూ వేటకు పోలేదు కనుక చాలా రోజులు దాదాపు తిండి లేకుండానే గడుపుతుంది. మీరు బీరువా జరిపినా పారిపోకపోవడానికి కారణం బహుశా అదే.

ఇక కాళ్ళ తీరు. చాలా సాలీళ్ళ కాళ్ళు కింది నుంచి ఒంటిని పైకెత్తి నిలబెడతాయి. దీని కాళ్ళు పీత కాళ్ళలా పక్కలకు తెరుచుకుని ఉంటాయి. అందుచేతనే ఒళ్ళు గోడకు అంటుకుపోయి, వేలు కూడా దూరని సందులోకి ఇంత పెద్ద ప్రాణి దూరగలుగుతోంది. గూడు లేకపోవడం కూడా దీని లక్షణమే. సాలె అంటే నేతగాడు. ఆ మాటలోంచి వచ్చిన పేరు పెట్టుకున్న ప్రాణి వల నేయదంటే వింతగానే ఉంటుంది. కాని ఇది దారాన్ని గుడ్ల సంచి అల్లడానికి, జారిపడకుండా వెంట ఒక పోగు వదులుకుంటూ పోవడానికి వాడుకుంటుందే తప్ప వల పన్నదు. రాత్రిపూట గోడల మీద తిరిగి బొద్దింకలను పట్టి తింటుంది.

ఏడు కాళ్ళ సంగతి గుర్తింపుకు పనికిరాదు, అది దాని జీవితంలో జరిగిన ఒక సంఘటన మాత్రమే. శత్రువు కాలు పట్టుకుంటే సాలీడు ఆ కాలిని మొదట్లో ఉన్న కీలు దగ్గర తెంపుకుని పారిపోగలదు. ఎదిగే వయసులో అయితే కుబుసం విడిచినప్పుడు కొత్త కాలు, కాస్త పొట్టిగా, మళ్ళీ వస్తుంది. ఇది గుడ్లు పెట్టే వయసుకు వచ్చింది గనుక ఇక ఏడింటితోనే సరిపెట్టుకోవలసి రావచ్చు. పది కాళ్ళు చూశామని రాసేవారూ ఉన్నారు. వారు నోటి పక్కన ఉండే రెండు స్పర్శాంగాలను కూడా లెక్కలో కలిపారన్నమాట. ఎదిగిన మగ సాలీడుకు ఆ రెండింటి కొనలు ఉబ్బి, చేతి తొడుగులు వేసుకున్నట్టు ఉంటాయి.

మీ యాప్ ఎందుకు పొరబడిందో చెప్పడం కష్టం కాదు. రంగును, పరిమాణాన్ని నమ్ముకుంటే మనుషులైనా అలాగే పొరబడతారు. టరాంటులాకు బరువైన ఒళ్ళు, దట్టమైన నూగు ఉంటాయి. దాని కోరలు రెండూ పక్కపక్కనే పైనుంచి కిందికి దిగుతాయి. మీ సాలీడు కోరలు పటకారులా ఎదురెదురుగా మూసుకుంటాయి. బ్లాక్ విడో ఆడది నున్నగా మెరిసే గుండ్రటి పొట్టతో, చిక్కుపడ్డ దారాల గూటిలో తలకిందులుగా వేలాడుతుంది; దాని పొట్ట అడుగున ఎర్రటి మచ్చ, సాధారణంగా ఇసుక గడియారం ఆకారంలో, కనిపిస్తుంది; కాళ్ళు లెక్కలోకి తీసుకోకపోతే ఒళ్ళు సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఇలాంటిచోట ప్రమాదకరమైనదని చెప్పుకునే మరొక సాలీడు రెక్లూజ్. దాని కళ్ళు ఆరే, అవీ మూడు జంటలుగా ఉంటాయి. మీ సాలీడుకు ఎనిమిది కళ్ళు, నాలుగేసి చొప్పున రెండు వరుసల్లో ఉండాలి. కళ్ళకూ కోరలకూ మధ్య మీసకట్టులాగా లేత పసుపు పట్టీ ఒకటి ఉండాలి. ఈసారి ఫొటో తీస్తే ఎదురుగా ముఖాన్ని తీయండి. పక్కన ఒక స్కేలు ఉంచగలిగితే కాళ్ళను వదిలేసి ఒంటి పొడవు కొలవవచ్చు. దీని ఒళ్ళు రెండు మూడు సెంటీమీటర్లకు మించదు, అరచేయంత అనిపించడానికి కారణం కాళ్ళే.

ప్రమాదం గురించి అడిగారు. వేటాడే సాలీడు కనుక విషం ఉంటుంది, కాని మనిషిని కష్టపెట్టేంత శక్తి దానికి లేదు. కుడితే నొప్పి, కొద్దిపాటి వాపు వచ్చి తగ్గిపోతాయి. గుడ్లను కాపలా కాస్తున్న తల్లి మాత్రం చేయి పెడితే ఎదురుతిరగవచ్చు గనుక పిల్లలను అటు పోనివ్వకండి. బయటికి పంపదలచుకుంటే వెడల్పాటి డబ్బాను నెమ్మదిగా దానిమీద బోర్లించి, గోడకూ అంచుకూ మధ్య ఒక అట్టముక్క దూర్చండి. సంచి విడిపోతే వందకు పైగా పిల్లలు ఇల్లంతా చెదిరిపోతాయి, కాబట్టి చీపురుతో కొట్టే ఆలోచన మానుకోవడం మీకే మంచిది.

ప్రశ్న: నిద్రలో మెడ మీద సాలీడు పాకినట్టుంది. మర్నాటికి ఒక గీత గీసినట్టు ఎర్రబడి, నీటిపొక్కులు వచ్చాయి. ఏ సాలీడు పాకితే ఇలా అవుతుంది?

జవాబు: ఏ సాలీడు పాకినా ఇలా కాదు. గీతలాగా లేచిన పొక్కులను చూస్తే నా అనుమానం పెడెరస్ అనే చిన్న పురుగు మీదకు పోతోంది. సెంటీమీటరుకు మించని పొడవు, చీమ లాంటి నడక, నలుపూ నారింజా పట్టీలు. రాత్రిపూట దీపాల దగ్గరికి వస్తుంది. ఇది కుట్టదు, కరవదు. చర్మం మీద నలిగినప్పుడు దాని ఒంటిలోని పెడెరిన్ అనే రసం అంటుకుని, వేలు రాసిన మేరకు చర్మం కమిలి, ఒకటి రెండు రోజుల్లో పొక్కులు లేస్తాయి. ఈసారి కనిపిస్తే నలపకుండా ఊదేసి, ఆ చోటును సబ్బుతో కడగండి. ఆ చేత్తో కళ్ళు తుడుచుకోవద్దు. మీ పొక్కులను మాత్రం ఒకసారి డాక్టరుకు చూపించండి, గీతలాగా వచ్చే పొక్కులకు వేరే కారణాలు కూడా ఉంటాయి.

ప్రశ్న: మంచం కింద చచ్చిన సాలీడు దొరికింది. తీయబోతే ఊపిరి గాలికే ఎగిరిపోయింది, లోపల ఏమీ లేదు. దీన్ని ఏదో తినేసిందా? దీన్ని బట్టి అది ఏ రకమో చెప్పగలరా?

జవాబు: అది చావలేదు, పెద్దదైంది. మీకు దొరికినది కుబుసం. చచ్చిన సాలీడు కాళ్ళు సాధారణంగా లోపలికి ముడుచుకుపోయి ఉంటాయి, ఎందుకంటే కొన్ని కీళ్ళను చాపడానికి దానికి కండరాలు లేవు, ఒంటిలోని ద్రవాన్ని ఒత్తిడితో పంపి చాపుకుంటుంది. ప్రాణం పోతే ఆ ఒత్తిడీ పోతుంది. కుబుసాన్ని తిప్పి చూడండి. తల పై భాగం డబ్బా మూతలాగా ఒకవైపు తెరుచుకుని ఉంటుంది, పొట్ట ఉండవలసిన చోట నలిగిన కాగితం ముక్క లాంటిది మిగులుతుంది. ఆ మూతే మనకు కావలసింది. దాన్ని వెలుతురుకు ఎదురుగా పెట్టి భూతద్దంతో చూస్తే కళ్ళున్న చోట చిన్న చిన్న పారదర్శకమైన చుక్కలు కనిపిస్తాయి. అవి ఎన్ని, ఏ వరుసలో ఉన్నాయో కాగితం మీద వేసి పంపండి. కుబుసాన్ని కూడా పంపేటట్టయితే టేపు అంటించకుండా, అగ్గిపెట్టెలో దూది పరిచి దానిమీద ఉంచండి. టేపు తీసేటప్పుడు ముందుగా ఊడిపోయేవి ఆ మూత, కోరలే.