ముఖం దాస్తే సరిపోదు తల్లీ

చిట్టితల్లీ,

లైంగిక హింసకు గురైన ఆడవాళ్లతో డాక్యుమెంటరీ తీయబోతున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంతో పొంగిపోయాను, వెంటనే గుబులూ పట్టుకుంది.

టీవీకి ఎంత బలముందో తెలిసే ఈ పనికి దిగావనుకుంటున్నాను. 1982లో బీబీసీ ‘పోలీస్’ సిరీస్‌లో దర్శకుడు రోజర్ గ్రేఫ్ ఒక ఎపిసోడ్ చూపించాడు. అత్యాచారం జరిగిందని చెప్పుకోవడానికి వచ్చిన మహిళను థేమ్స్ వ్యాలీ డిటెక్టివ్‌లు నమ్మకుండా దబాయిస్తుంటే బ్రిటన్ అంతా చూసింది. ఫిర్యాదుదారులతో పోలీసులు వ్యవహరించే తీరు మారక తప్పలేదు. 2012 అక్టోబరులో ఐటీవీ ఛానల్, అప్పటికే చనిపోయిన బీబీసీ వ్యాఖ్యాత జిమ్మీ సావిల్ చేసిన లైంగిక అకృత్యాల బాగోతం బయటపెట్టాక, ఏళ్లతరబడి నోరు విప్పని వందల మంది ముందుకొచ్చారు.

కెమెరా, లైట్ల సంగతి నీకు తెలుసు. గదిలో మీ బృందం ఇద్దరికి మించి ఉండొద్దు, ఇద్దరూ ఆడవాళ్లే అయి ఉండాలి.

నా భయమంతా నీ కెమెరా ముందు మాట్లాడే ఆమె ఎవరో తెలిసిపోతుందనే. 2019 నవంబరులో శంషాబాద్ ఘటనప్పుడు ఆ అమ్మాయి పేరు, ఫొటో టీవీల్లోనూ ఫోన్లలోనూ తిరిగేశాయి. ‘దిశ’ అని పిలవండని పోలీసులు చెప్పేసరికి అసలు పేరు అందరి నోళ్లలో ఉంది. చట్టం లేకనా? బాధితురాలి పేరు బయటపెట్టడం నేరమనే ఐపీసీ 228ఎ అప్పటికే ఉంది, ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్, రెండేళ్ల దాకా జైలు. చనిపోయినా పేరు చెప్పకూడదని, గుర్తుపట్టించే ఏ వివరమూ బయటికి రాకూడదని 2018లోనే నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందరికంటే ముందు మనమే చూపాలన్న ఆత్రం వీటన్నిటినీ తొక్కేసింది. ఆ ఆత్రం నీలో కనిపిస్తే మాత్రం ఊరుకోను.

కిటికీకి ఎదురుగా నీడలా తీశాం కదా అనుకోకు, బ్రైట్‌నెస్ పెంచితే ముఖం తేలుతుంది. ఎడిటింగ్‌లో బ్లర్ చేసినా అసలు ఫుటేజీ హార్డ్‌డిస్క్‌లో ఉండనే ఉంటుంది. అసలు ముఖాన్ని కెమెరాలోకే రానివ్వకు. చేతులు తీస్తే పచ్చబొట్టు, గాజులు, ఉంగరం పట్టిస్తాయి. కిటికీలోంచి కనబడే గోపురం, బండి నంబరు, బస్టాండు అనౌన్స్‌మెంటు కూడా అంతే. గొంతు పిచ్ మారిస్తే మళ్లీ వెనక్కి మార్చేవాళ్లుంటారు. ఆమె మాటల్ని వేరే అమ్మాయితో చెప్పించు, యాస కూడా ఆమెది కాకుండా చూడు. ఫైళ్లకు పేర్లు కాదు, కోడ్‌లు పెట్టు. ఆ కోడ్‌ల పుస్తకం హార్డ్‌డిస్క్ ఉన్న బీరువాలో ఉండకూడదు.

సమ్మతి మూడుసార్లు అడుగు: షూటింగ్‌కు ముందు, తర్వాత, రఫ్ కట్ (మొదటి ఎడిటింగ్) చూపించాక. వద్దంటే ఆ భాగం తీసేయి, కారణం అడగొద్దు.

కేసు నడుస్తుంటే ఇంకా జాగ్రత్త. మేజిస్ట్రేటు ముందు ఇచ్చిన వాంగ్మూలానికీ నీ ఇంటర్వ్యూకీ చిన్న తేడా ఉన్నా డిఫెన్స్ లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో పట్టుకుంటాడు. ఎడిట్ చేయని నీ రా ఫుటేజీని కోర్టు తెమ్మనొచ్చు. అందుకే ఆమె సాక్ష్యం పూర్తయ్యేదాకా ఆగు. ఆగినా, జరిగిన హింస వివరాలు అడక్కు. స్టేషన్లో ఏమన్నారు, ఆస్పత్రిలో ఎంతసేపు కూర్చోబెట్టారు, ఎవరు తోడొచ్చారు అని అడుగు, నీ సినిమాకి అసలు బలం అక్కడే ఉంది. ఇంటర్వ్యూకి డబ్బివ్వకు, కొనుక్కున్న సాక్ష్యమంటారు. ఏడుస్తుంటే కెమెరా ఆపేయి తల్లీ.

మాటల్లో 18 ఏళ్ల లోపు పిల్లల మీద జరిగినది బయటపడితే నువ్వు దాచడానికి లేదు. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ఈ సంగతి మైకు పెట్టకముందే ఆమెకు తెలియాలి.

మహిళల హెల్ప్‌లైన్ 181, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్లు చివరి టైటిల్స్‌లో పరుగెత్తించకు, మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి పది సెకన్లు నిలుపు. యూట్యూబ్‌లో కామెంట్లు మూసేయి. ప్రసారం తేదీ ఆమెకు ముందే చెప్పి, ఆ వారమంతా ఆమె ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తు.

సమ్మతి పత్రం తెలుగులో రాసి నాకు పంపు. ఆమెకు అర్థంకాని మాట ఒక్కటి కనిపించినా ఎర్ర సిరాతో కొట్టేసి తిప్పి పంపుతాను.

మీ పెద్దమ్మ