యూనివర్సిటీ లాగిన్ చేతికొచ్చిన మొదటి వారంలో

చిరంజీవి సాహితికి,

అత్త ఆశీస్సులు. యూనివర్సిటీ నుంచి యూజర్‌నేమ్, తాత్కాలిక పాస్‌వర్డ్ వచ్చాయనీ, ముందుగా ఏమేం చేసుకోవాలో చెప్పమనీ అడిగావు. అడిగినందుకు చాలా సంతోషం తల్లీ. నా ఉద్యోగమంతా యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్లోనే గడిచింది కాబట్టి, కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడెక్కడ ఇరుక్కుంటారో నాకు బాగా తెలుసు. ఉత్తరం పొడుగైనా ఓపిగ్గా చదువు.

ఈ పనులన్నీ క్లాసులు మొదలవకముందే ముగించుకో. అన్నీ కలిపితే ఒక పూట పని. అదే అసైన్‌మెంట్ గడువు రాత్రి పెట్టుకున్నావంటే పోర్టల్ లోపలికి రానివ్వదు, హెల్ప్‌డెస్క్‌లో ఫోన్ ఎత్తే మనిషి ఉండడు.

తాత్కాలిక పాస్‌వర్డ్‌కి గడువుంటుంది, ఈ రోజే మార్చెయ్యి. మెయిల్లో వచ్చిన లింకు నొక్కకుండా, యూనివర్సిటీ వెబ్‌సైట్ అడ్రస్ నువ్వే టైప్ చేసి అక్కణ్ణుంచి ఖాతా పేజీకి వెళ్లు. మెయిలు, కోర్సుల పోర్టల్, ఫీజులు, మార్కులు, లైబ్రరీ, వైఫై, దాదాపు అన్నిటికీ ఒకటే లాగిన్ ఉంటుంది. ఆ ఒక్క పాస్‌వర్డ్ బయటికి పొక్కితే అన్నీ పోయినట్టే. అందుకని ఇంకే సైట్‌కీ, ఏ యాప్‌కీ వాడనిది పెట్టుకో. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపితే చాలు, పొడుగ్గానూ ఉంటుంది, గుర్తూ ఉంటుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఈ సంగతి చెప్పింది: గుర్తులూ అంకెలూ ఇరికించడం కన్నా పొడవు ముఖ్యం, కారణం లేకుండా ఊరికే మార్పించడం వల్ల మేలు లేదు అని. మీ దగ్గర నియమం ఇంకా పాతదే అయితే దాని ప్రకారమే నడుచుకో, పాస్‌వర్డ్‌లని భద్రంగా గుర్తుపెట్టుకునే పాస్‌వర్డ్ మేనేజర్ యాప్ ఒకటి పెట్టుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది.

అదే పేజీలో నీ సొంత మెయిల్, ఫోన్ నంబర్ అడుగుతారు, పాస్‌వర్డ్ మర్చిపోతే పనికొస్తాయని. చాలామంది పాత నంబరే ఇచ్చి, చేరిన నెలలోనే సిమ్ మార్చేస్తారు. తర్వాత కోడ్ పోయి ఎవరికో చేరుతుంది. నంబర్ మారిన రోజునే అక్కడ కూడా మార్చు.

ఇక రెండో అంచె. పాస్‌వర్డ్ కొట్టాక ఫోన్లో ఆథెంటికేటర్ యాప్ చూపించే 6 అంకెల కోడ్ అడుగుతుంది చూడు, దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ కన్నీళ్లు ఇక్కడే చూశాను. ఆ కోడ్ సాధారణంగా 30 సెకన్లకోసారి మారుతుంది. సర్వర్ దగ్గరా నీ ఫోన్లోనూ ఉన్న ఒకే రహస్య సంఖ్యని గడియారంలోని సమయంతో కలిపి లెక్కగడితే వస్తుందది. కాబట్టి ఫోన్లో నెట్ లేకపోయినా కోడ్ వస్తుంది, కానీ గడియారం రెండు మూడు నిమిషాలు తప్పిందంటే ఎన్నిసార్లు కొట్టినా తప్పనే అంటుంది. ఫోన్ సమయం ఆటోమేటిక్‌లో ఉందో లేదో చూసుకో. చాలా యూనివర్సిటీలు అప్పుడే కొన్ని బ్యాకప్ కోడ్‌లు ఇస్తాయి. వాటిని స్క్రీన్‌షాట్ తీసి ఫోన్లోనే దాచుకుంటే, ఫోన్ పోయిన రోజు అవీ పోతాయి. కాగితం మీద ప్రింట్ తీసి సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టు. వీలుంటే ట్యాబ్‌నో, కంప్యూటర్‌కి గుచ్చే చిన్న సెక్యూరిటీ కీనో రెండో పరికరంగా కలుపుకో. ఫోన్ మార్చేటప్పుడు కొత్త దాంట్లో యాప్ పనిచేస్తోందని తేలేదాకా పాత ఫోన్ తుడిచెయ్యకు, ఎవరికీ ఇవ్వకు.

కొన్నిచోట్ల కోడ్ బదులు ఫోన్లో ‘లాగిన్ అవుతున్నది మీరేనా?’ అని ప్రశ్న వస్తుంది. నువ్వు లాగిన్ అవ్వకుండానే అలా వచ్చిందంటే, నీ పాస్‌వర్డ్ అప్పటికే ఎవరి చేతికో చిక్కిందని అర్థం. కాదు అని నొక్కి, వెంటనే పాస్‌వర్డ్ మార్చి, హెల్ప్‌డెస్క్‌కి చెప్పు. పదేపదే వస్తోందని విసుగొచ్చి ఔను నొక్కిన పిల్లల ఖాతాల నుంచి వేల దొంగ మెయిళ్లు వెళ్లేవి.

పాస్‌వర్డ్ మార్చడానికీ ఒక వరస ఉంది. మార్చిన కాసేపటికే ఖాతా లాక్ అయిందంటూ పరిగెత్తుకొచ్చేవాళ్లు నా దగ్గరికి. సంగతేంటంటే, బ్యాగులో ఉన్న ఫోన్ పాత పాస్‌వర్డ్‌తో వైఫైకి ప్రయత్నిస్తూనే ఉంటుంది, ల్యాప్‌టాప్‌లో మెయిల్ యాప్ కూడా అంతే. సర్వర్‌కి మాత్రం ఎవరో తప్పు పాస్‌వర్డ్‌తో తలుపు తడుతున్నట్టు కనబడి ఖాతా మూసేస్తుంది. ముందు అన్ని పరికరాల్లో వైఫై ఆపు, పాస్‌వర్డ్ మార్చు, పాత నెట్‌వర్క్‌ని ఫర్‌గెట్ కొట్టు, తర్వాత ఒక్కొక్కటే మళ్లీ కలుపుకో.

వైఫై అంటే గుర్తొచ్చింది, మీ క్యాంపస్‌లో యూనివర్సిటీలన్నీ పంచుకునే ఎడ్యురోమ్ అనే వైఫై ఉండే అవకాశం ఎక్కువ. 2003 ప్రాంతంలో యూరప్‌లో మొదలై ఇప్పుడు వందకు పైగా దేశాల్లో ఉంది. సదస్సుకో లైబ్రరీ పనికో వేరే యూనివర్సిటీకి వెళితే, అక్కడా నీ లాగిన్‌తోనే నెట్ వస్తుంది. చదువుకునేవాళ్ల కోసం దేశాల మధ్య ఇంత నమ్మకంతో నడుస్తున్న ఏర్పాటు ఇంకొకటి నాకు కనబడలేదు. దాన్ని పెట్టుకునేటప్పుడు యూజర్‌నేమ్ సగం రాసి వదిలెయ్యకు. ఎట్ గుర్తు, దాని తర్వాత యూనివర్సిటీ డొమైన్, అంతా ఉండాలి. సగం పేరుతో సొంత క్యాంపస్‌లో నడిచినా నడవొచ్చు గానీ, బయటికెళ్లాక నువ్వు ఏ యూనివర్సిటీదానివో అక్కడి సర్వర్‌కి తెలియదు. ఇంకోటి, సర్టిఫికెట్ (అది అసలు యూనివర్సిటీ సర్వరే అని చూపే డిజిటల్ పత్రం) పరీక్షించవద్దు అనే ఆప్షన్ ఎన్నడూ ఎంచుకోకు. అదే పేరుతో దొంగ వైఫై పెట్టి పాస్‌వర్డ్‌లు లాక్కోవడం చాలా తేలిక. యూనివర్సిటీ వాళ్లిచ్చే సెటప్ యాప్‌తో పెట్టుకుంటే ఇవన్నీ అదే చూసుకుంటుంది.

హాస్టల్లో పరికరాల మ్యాక్ అడ్రస్ (ఒక్కో పరికరానికి ఉండే గుర్తింపు సంఖ్య) నమోదు చేయించుకునే పద్ధతి ఉంటే, ఫోన్లో ఆ నెట్‌వర్క్‌కి ప్రైవేట్ అడ్రస్ అనేది ఆపాలి. ఈ మధ్య ఫోన్లన్నీ ఒక్కో నెట్‌వర్క్‌కి అసలుది కాక వేరే అడ్రస్ చూపిస్తాయి, అందుకే నమోదు చేసినా నెట్ రాదు.

మెయిల్ రోజుకొక్కసారైనా చూడు. ఫీజు గడువు, పరీక్ష మార్పు, గైడ్ కబురు, అన్నీ అక్కడికే వస్తాయి, చూడలేదంటే ఆఫీసులో ఒప్పుకోరు. మొత్తం సొంత మెయిల్‌కి మళ్లించేసుకోవడం నాకు నచ్చదు. చాలాచోట్ల నియమాలు ఒప్పవు, పైగా మళ్లించిన మెయిళ్లు స్పామ్‌లో పడుతుంటాయి. ఫోన్లో రెండో ఖాతాగా పెట్టుకో. మెయిల్‌బాక్స్ నిండిపోయింది, ఇక్కడ లాగిన్ అవ్వండి అనో, ఇంట్లో కూర్చుని చేసే పార్ట్‌టైమ్ ఉద్యోగమనో మెయిళ్లొస్తాయి. అవి నీ ప్రొఫెసర్ అడ్రస్ నుంచే రావచ్చు, ఆయన ఖాతా పోయుంటుంది. హెల్ప్‌డెస్క్ వాళ్లు నీ పాస్‌వర్డ్ ఎప్పుడూ అడగరు. అడిగినవాళ్లు ఎవరైనా సరే, చెప్పొద్దు.

లైబ్రరీకి యూనివర్సిటీ కట్టే చందాల వల్ల చాలా పత్రికలు నీకు ఉచితం. క్యాంపస్‌లో ఉన్నప్పుడు నెట్‌వర్క్ ఐపీ అడ్రస్ చూసి ప్రచురణకర్తలు తలుపు తీస్తారు. ఇంటి నుంచైతే డబ్బు కట్టమంటారు, కట్టకు. లైబ్రరీ పేజీ మీదుగా వెళ్లు, లేదా సంస్థ ద్వారా లాగిన్ అనేది ఎంచుకో, లేదా ఇంటి నుంచే యూనివర్సిటీ నెట్‌వర్క్‌లోకి చేర్చే వీపీఎన్ పెట్టుకో. ప్రోగ్రాం రాసి వందల వ్యాసాలు ఒక్కసారిగా దించకు, ప్రచురణకర్త మొత్తం యూనివర్సిటీకే దారి మూసేస్తాడు.

నువ్వు రీసెర్చ్‌లో చేరుతున్నావు కాబట్టి క్లస్టర్ సంగతి కూడా చెప్పాలి, అంటే పెద్ద లెక్కల కోసం చాలా కంప్యూటర్లని కలిపి అందరూ పంచుకునే ఏర్పాటు. అసలు మనిషికో ఖాతా, పాస్‌వర్డ్ అనే పద్ధతి యూనివర్సిటీలో కంప్యూటర్ పంచుకోవడం కోసమే వచ్చింది. 1961లో ఎంఐటీలో ఫెర్నాండో కార్బటో బృందం సీటీఎస్ఎస్ అనే వ్యవస్థని చేసి చూపించింది, ఒకే యంత్రం మీద చాలామంది పనిచేసుకునేలా. మనిషికి ఇంత సమయమని వంతులుండేవి. 1962లో ఆలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి తన వంతు చాలక అందరి పాస్‌వర్డ్‌ల ఫైలు ప్రింట్ తీయించుకుని మిగతావాళ్ల ఖాతాల్లో పని చేసుకున్నాడు. ఇప్పటి క్లస్టర్‌లోనూ వంతులే. యంత్రం అందరిదీ అని మనసులో పెట్టుకుంటే నియమాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

క్లస్టర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్తావు, దూరంలోని కంప్యూటర్‌లోకి భద్రంగా వెళ్లి ఆదేశాలు టైప్ చేసే పద్ధతి అది. మొదటిసారి ఆ సర్వర్ గుర్తు సరైనదేనా అని అడుగుతుంది, యూనివర్సిటీ పేజీలో ఇచ్చిన గుర్తుతో పోల్చి చూసి ఔను అను. పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద ఏమీ కదలదు, చుక్క కూడా పడదు. కీబోర్డ్ పాడైందనుకోకు, అదంతే. తర్వాత పాస్‌వర్డ్ బదులు వాడే కీల జత చేసుకో, అవి రెండు ఫైళ్లు. చివర పబ్ అని ఉన్న ఫైలు ఎవరికిచ్చినా ఫర్వాలేదు, రెండోది మాత్రం నీ ల్యాప్‌టాప్ దాటకూడదు, మెయిల్లో అసలే పంపకు.

లోపలికెళ్లగానే నువ్వుండేది లాగిన్ నోడ్ మీద, అంటే అందరూ ముందుగా వచ్చి చేరే కంప్యూటర్ మీద. అక్కడ ఫైళ్లు సర్దుకోవడం, ప్రోగ్రాం దిద్దుకోవడం వరకే. పెద్ద లెక్కలు అక్కడే నడిపితే అందరికీ యంత్రం బిగుసుకుపోతుంది. ఎంత మెమరీ, ఎన్ని గంటలు కావాలో రాసి వంతులు పంచే స్లర్మ్ లాంటి షెడ్యూలర్ ప్రోగ్రాంకి నీ పనిని జాబ్‌గా ఇవ్వాలి. ఎందుకైనా మంచిదని అన్నీ ఎక్కువ రాస్తారు కొత్తవాళ్లు. ముందు చిన్న డేటాతో నడిపి ఎంత పట్టిందో చూసుకుని, దానికి కాస్త కలిపి అడుగు. చిన్న జాబ్‌లు పెద్దవాటి మధ్య ఖాళీల్లో దూరిపోతాయి, నీ వంతు త్వరగా వస్తుంది. హోమ్ ఫోల్డర్‌కి కోటా, అంటే నీకిచ్చే చోటు, తక్కువ, పైథాన్ ప్యాకేజీలతోనే నిండిపోతుంది. నిండాక వచ్చే ఎర్రర్‌లు కోటా పేరు ఎత్తకపోవచ్చు, కాబట్టి ముందుగా అదే చూడు. స్క్రాచ్ అనే తాత్కాలిక ఫోల్డర్‌లో చోటు బోలెడు ఉంటుంది గానీ, కొన్నాళ్లు ముట్టని ఫైళ్లని వాళ్లంతట వాళ్లే తుడిచేస్తారు, బ్యాకప్ ఉండదు. ఫలితాలు రాగానే తీసి వేరేచోట పెట్టు.

క్లౌడ్‌లో చోటు కూడా లెక్కే. గూగుల్ ఒకప్పుడు యూనివర్సిటీలకి అపరిమితంగా ఇచ్చేది. 2021లో మార్పు ప్రకటించి, సంస్థ మొత్తానికీ కలిపి 100 టెరాబైట్లు అని పెట్టింది. థీసిస్ డ్రాఫ్ట్ అక్కడొకటి, ల్యాప్‌టాప్‌లో ఒకటి, విడిగా హార్డ్ డిస్క్‌లో ఒకటి ఉండాలి.

ఏదైనా ఆగిపోతే హెల్ప్‌డెస్క్‌కి ‘నెట్ రావట్లేదు, అర్జెంట్’ అని రాయకు. ఇలా రాయి: ‘నా యూజర్‌నేమ్ ఇది. ఈ రోజు ఉదయం పదీ ఇరవై నుంచి లైబ్రరీ రెండో అంతస్తులో ఎడ్యురోమ్ కలవడం లేదు. విండోస్ 11 ల్యాప్‌టాప్. ఫోన్లో మాత్రం వస్తోంది. నిన్న సాయంత్రం పాస్‌వర్డ్ మార్చాను. వచ్చిన సందేశం స్క్రీన్‌షాట్ జతచేశాను.’ ఇలాంటి టికెట్ వస్తే మాకు ప్రాణం లేచొచ్చేది, ఒక్క జవాబుతో పనైపోయేది.

చివరగా, వెళ్లిపోయే రోజు గురించి చేరిన రోజే ఆలోచించాలి. డిగ్రీ చేతికొచ్చాక కొన్నాళ్లకి ఈ ఖాతా సాధారణంగా మూసేస్తారు. బ్యాంకు, ఉద్యోగ దరఖాస్తులు, నీ ఫోటోలు, వేటినీ దీనికి కట్టెయ్యకు. ప్రోగ్రాంలు దాచుకునే గిట్‌హబ్‌లో ఖాతా సొంత మెయిల్‌తో తెరిచి, విద్యార్థి సౌకర్యాల కోసం యూనివర్సిటీ మెయిల్ రెండోదిగా చేర్చు. ఆర్కిడ్ నంబర్ తీసుకో, పరిశోధకులకిచ్చే గుర్తింపు సంఖ్య అది. 2012 నుంచి ఇస్తున్నారు, 16 అంకెలు, ఉచితం. ఎన్ని సంస్థలు మారినా నీ వ్యాసాలు నీ పేరు మీదే ఉంటాయి. అందులోనూ సొంత మెయిల్ తప్పకుండా చేర్చు.

మీ ల్యాబ్‌లో ఏ క్లస్టర్ ఇచ్చారో, దాని నియమాల పేజీ ఏమందో చదివి నాకు రాయి. ఎస్‌ఎస్‌హెచ్ కీల దగ్గర అనుమానమొస్తే ఫోన్ చెయ్యి, స్క్రీన్ చూపిస్తే పక్కనుండి చేయిస్తాను.

ప్రేమతో,
మీ అత్త